ఒకే అబద్ధం చెప్పిన ఇద్దరు తల్లులు

ఆసుపత్రి దుప్పటి ఒక్క మనిషి మడతపెట్టేది కాదు. పెట్టినా అది మూటలా ఉంటుంది గానీ మడతలా ఉండదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. చెరో రెండు కొసలు పట్టుకోవాలి. ఫట్‌మని ఒక్క విదిలింపు విదిలించి, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి, కొసకి కొస కలిపి, మళ్ళీ వెనక్కి నడవాలి. దగ్గరికి వచ్చినప్పుడు ఒక మాట, వెనక్కి వెళ్ళేటప్పుడు ఒక నవ్వు. రోజంతా అదే. ఆ లాండ్రీలో ఆడవాళ్ళు మొగుడితో కూడా అన్నిసార్లు మొహంలో మొహం పెట్టి మాట్లాడి ఉండరు. అందుకని అక్కడ జోడీ అంటే చిన్న విషయం కాదు.

పొట్టక్కకి, పొడుగక్కకి ఆ జోడీ ఎప్పుడు కుదిరిందో ఇద్దరికీ గుర్తులేదు. పెళ్ళయిన కొత్తలో చేరారు. నిండు కడుపులతో కూడా దుప్పట్లు విదిలించారు. అసలు పేర్లు మేస్త్రీకైనా గుర్తున్నాయో లేదో. ఒకరు పొట్టి, ఒకరు పొడుగు. అంతే, పొట్టక్క, పొడుగక్క అయిపోయారు.

"మీ ఇద్దరి మధ్య దుప్పటి పరిస్తే పిల్లలు జారుడుబల్ల ఆడుకోవచ్చే" అని సబ్బు వదిన ఆటపట్టించేది. సబ్బుపొడి కొలిచి యంత్రాల్లో పోసే ఆవిడ సబ్బు వదిన. ఎవరి అన్నకి పెళ్ళామో ఎవరికీ తెలీదు, అందరికీ వదినే. నోరు మాత్రం ఆగేది కాదు. యంత్రమైనా ఒక్కోసారి చెడిపోతుంది గానీ ఆ నోటికి మరమ్మతు ఎప్పుడూ రాలేదు.

ఇదంతా ఒకప్పటి మాట. ఇప్పుడు పొట్టక్క గోడ వారన దిండు గలీబుల బల్ల దగ్గర ఉంది. గలీబు ఒక్క మనిషి పని. ఎదురుగా ఎవరూ ఉండక్కర్లేదు. చేతులకి పని తప్ప నోటికి పని ఉండదు.

ఆ రోజు పొద్దున పొడుగక్క చాన్నాళ్ళకి పనిలోకి వచ్చింది. వస్తూనే మనిషి మనిషీ లేచారు. ఒకరు చేతిలోంచి సంచీ అందుకున్నారు, ఒకరు కుర్చీ జరిపారు. మేస్త్రీ, ఎప్పుడూ ఎవరినీ పేరు పెట్టి కూడా పిలవని మేస్త్రీ, "నిదానంగా చెయ్యమ్మా, తొందరేం లేదు" అన్నాడు. దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి ముగ్గురు ఒకేసారి వచ్చారు.

"నేను పడతానక్కా."

"నువ్వు పొట్టిదానివే, ఎత్తు సరిపోదు, నేను పడతా."

పొట్టక్క గలీబు తిరగేసింది. తిరగేసిన గలీబునే మళ్ళీ తిరగేసింది. 'ఎత్తు సరిపోదు' అన్న మాట ఎక్కడో తగిలింది. ఆర్నెల్ల కిందట పొడుగక్క మేస్త్రీతో సరిగ్గా ఆ మాటే చెప్పి జోడీ మార్చుకుంది. ఇన్నేళ్ళు సరిపోయిన ఎత్తు ఆ ఒక్క వారంలో సరిపోకుండా పోయింది.

ఆ వారం ఏం జరిగిందంటే, పొట్టక్క కూతురు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. ఒక శనివారం పని అయ్యాక స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళింది. ఆఖరి బస్సు దిగి నడిచి వస్తుంటే ఇద్దరు మగాళ్ళు కారు ఆపారు. ఆ తర్వాతది ఆ పిల్ల డాక్టరుకి ఒకసారి చెప్పింది, పోలీసులకి పదిసార్లు చెప్పింది. తల్లికి చెప్పలేదు. తల్లి అడగనూ లేదు.

తెల్లారేసరికి వీధిలో అందరి నోటా ఒకటే ప్రశ్న. ఆ టైములో ఆ పిల్ల ఎక్కడినుంచి వస్తున్నట్టు?

వాళ్ళెవరు, ఏ ఇంటివాళ్ళు, దొరికారా అని ముందు అడిగినవాళ్ళు లేరు. పొట్టక్కకి బుర్ర పనిచేయలేదు. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి అడిగితే నోటికొచ్చింది చెప్పేసింది. "ఓవర్‌టైమమ్మా. షాపులో పని ఎక్కువుందని ఉంచేశారు."

అప్పుడు ఎదురింటావిడ "అయ్యో, కష్టపడే పిల్ల" అంది. ఆ ఒక్క ముక్కా చెవికి చల్లగా తగిలింది. రెండు రోజులు ఆ చల్లదనంలోనే ఉంది పొట్టక్క. మూడో రోజున షాపు యజమాని ఎవరితోనో, మా షాపు ఏడింటికల్లా మూసేస్తాం, మాకేం సంబంధం లేదు అన్నాడు. మాట వీధికి చేరింది. ఇంకేముంది, ముక్కున వేలేసుకున్నారు. పుట్టినరోజట. అర్ధరాత్రి దాకా డాన్సులట. పొట్టి గౌనట. పైగా తల్లే అబద్ధమాడిందంటే లోపల ఇంకేం ఉందో!

లాండ్రీలో అయితే పొడుగక్క, సాక్షాత్తూ పొడుగక్క, దుప్పటి కొసలు కలుపుతూ మొహంలోకి చూసి అంది. "ఒక చేత్తో చప్పట్లు మోగవు కదక్కా. పిల్లని కాస్త అదుపులో పెట్టుకోవాల్సింది."

పొట్టక్క చేతిలోంచి కొసలు జారిపోయాయి. ఆ మధ్యాహ్నమే ఆమెను గలీబుల బల్లకి మార్చారు.

అలాంటి పొడుగక్క ఇంట్లో ఇప్పుడు అదే జరిగింది. రెండో కూతురు, కాలేజీలో చదువుతోంది, దాన్ని అందరూ చిన్నదనే పిలుస్తారు. సాయంత్రం చీకటి పడే వేళ, రైలుకట్ట పక్క సందులో, ఒకడు. ఈసారి కూడా తెల్లారేసరికి అదే ప్రశ్న వచ్చింది. పొడుగక్క దగ్గర మాత్రం జవాబు సిద్ధంగా ఉంది. కంప్యూటర్ క్లాసు నుంచి వస్తోంది. పుస్తకాల సంచీ భుజాన్నే ఉంది.

పుస్తకాల సంచీ! ఆ సంచీ ఊరందర్నీ ఏడిపించింది. చదువుకునే పిల్ల, తలొంచుకుని వెళ్ళి తలొంచుకుని వచ్చే పిల్ల అన్నారు. పక్కిళ్ళ నుంచి కుర్చీలు మోసుకొచ్చి వాకిట్లో వేశారు. కాలేజీ పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు. కౌన్సిలరు వచ్చి టీవీవాళ్ళ ముందు "ఈ బిడ్డ మన ఇంటి బిడ్డ" అన్నాడు. అదే కౌన్సిలరు పొట్టక్క కూతురప్పుడు "ఆడపిల్లలు వేళకి ఇల్లు చేరడం నేర్చుకోవాలి" అన్నాడు. ఒకటే నోరు, ఒకటే మైకు.

పొట్టక్కకి కడుపు మండిపోయింది. ఆ పిల్లకి జరిగినందుకు కాదు. అది వేరే మంట, అది కూడా ఉంది. ఇది మాత్రం ఆ కుర్చీల మీద మంట. తన వాకిట్లోకి ఒక్క కుర్చీ రాలేదు. ఆ కొవ్వొత్తుల మీద మంట. 'మన' అన్న ఆ చిన్న మాట మీద మంట. పొరుగావిడ పాలగిన్నె పొంగుతుంటే చూసి, తన పొయ్యి మీద గిన్నె ఖాళీ అని ఏడ్చే ఆడదానిలా ఏడ్చింది. తనకే తెలుసు అది ఎంత నీచమో. తెలిసినా మంట ఆగదు కదా.

పైగా ఇంకొకటుంది. అది ఇంకెవరికీ తెలీదు.

చిన్నదానికి అది జరిగిన సాయంత్రమే, ఇంకా చీకటి పడకముందు, పొట్టక్క బస్సులో ఇంటికొస్తోంది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగితే కిటికీలోంచి ఐస్‌క్రీమ్ షాపు ముందు చిన్నది కనిపించింది. ఎర్ర చొక్కా వేసుకుంది. పక్కన ఒక కుర్రాడు. వాడేదో అంటే, చేతిలో ఐస్‌క్రీమ్ కారిపోతున్నా చూసుకోకుండా విరగబడి నవ్వుతోంది. రెండు చేతులూ చూసింది పొట్టక్క, భుజాలూ చూసింది. సంచీ లేదు. ఆ నిమిషాన 'ఎంత ముద్దుగా నవ్వుతోందో' అనుకుంది కూడా.

అంటే పొడుగక్కదీ అబద్ధమే. తను ఆడిన అబద్ధమే. తనది మూడో రోజుకి కూలింది. పొడుగక్కది నిలబడింది, ఊరంతా దాని నీడన కుర్చీలు వేసుకుని కూర్చుంది.

ఒక్క మాట చాలు. సబ్బు వదిన చెవిలో ఒక్క మాట పడేస్తే, సాయంత్రానికి ఆ కుర్చీలన్నీ ఎవరిళ్ళకి వాళ్ళు మోసుకుపోతారు. ఆ మాట పొట్టక్క నాలుక చివర పిప్పరమెంటులా తిరుగుతూనే ఉంది. మింగదు, ఉమ్మదు.

ఇంట్లో కూతురు గదిలోంచి బయటికి రావడం మానేసి ఆర్నెల్లయింది. తిండి పళ్ళెం లోపల పెడితే తింటుంది. అడిగితే ఊ, కాదంటే ఊహూ. ఒంటి మీద చెయ్యి వేస్తే జరుగుతుంది. ఆ రోజు పళ్ళెం పెడుతూ పొట్టక్క ఉండబట్టలేక అంది.

"పొడుగక్క ఇంటికి ఎంతమంది వచ్చారో తెలుసా? కౌన్సిలరు కూడానట. అదృష్టమంటే దానిదే."

కూతురు తల తిప్పింది. "అదృష్టమా?"

ఆర్నెల్ల తర్వాత విన్న మొదటి పూర్తి మాట అది. పొట్టక్క తడబడింది. "అదే, జనం మంచిగా మాట్లాడుతున్నారని..."

"అమ్మా, నువ్వు ఆ రోజు ఓవర్‌టైం అని ఎందుకు చెప్పావు?"

"నీ కోసమేగా తల్లీ. ఎవరూ ఒక మాట అనకూడదని."

"నేను పుట్టినరోజుకి వెళ్ళానని చెప్పడానికి నీకే నోరు రాలేదు. అంటే వెళ్ళడం తప్పని ముందు నువ్వే అనుకున్నావు. వీధిలో వాళ్ళు మూడు రోజులయ్యాక అన్నారు. నువ్వు అదే రోజు అన్నావు."

"నేను ఎప్పుడన్నానే?"

"అనకుండా అన్నావు."

పిల్ల మొహం గోడవైపు తిప్పేసుకుంది. పొట్టక్క పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. బయట వరండాలో మొగుడు దగ్గాడు. అంతా విన్నాడని అర్థం. ఆయన ఎప్పుడూ అంతే, దగ్గుతోనే సరిపెడతాడు.

పొట్టక్కకి ఆ క్షణం ఒక్కటే కావాలనిపించింది. కౌన్సిలరూ వద్దు, కొవ్వొత్తులూ వద్దు. ఆ పిల్ల మొహం ఇటు తిప్పితే చాలు.

నాలుగు రోజులు పోయాక లాండ్రీలో టీ వేళకి పొట్టక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. పొడుగక్క వచ్చి పక్కన నిలబడింది. మనిషి సగమైపోయింది. ఆ పొడుగంతా వంగిపోయింది.

"మీ అమ్మాయి మా ఇంటికి వస్తోందక్కా" అంది.

"ఎవరూ?"

"మీ అమ్మాయే. మనం పనిలో ఉన్నప్పుడు, మధ్యాహ్నం పూట. మా చిన్నదాని పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ ఏవో మాట్లాడుకుంటారట. మా చిన్నది దాని ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోందట. ఇంకెవరి దగ్గరా నిద్రపోవట్లేదక్కా అది."

కుళాయి కారిపోతూనే ఉంది. గది దాటని పిల్ల వీధి దాటి వెళ్తోంది. చెయ్యి వేస్తే జరిగే పిల్ల ఇంకొకరి పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుంటోంది. ఊరి జాలి పోయింది సరే, అది ఊరిది. ఈ ఒళ్ళు తన పిల్లది. ఇది కూడా ఆ ఇంటికే పోయిందా?

"అన్నీ నీకే" అంది పొట్టక్క, కుళాయి కట్టేస్తూ.

పొడుగక్కకి అర్థం కాలేదు, లేదా అయ్యీ కానట్టు ఊరుకుంది. తల దించుకుని, "ఆ రోజు బస్సులో నిన్ను చూశానని మా చిన్నది చెప్పింది" అంది మెల్లగా.

"ఆహా. అందుకా ఈ పలకరింపు."

"అందుక్కాదక్కా..."

"క్లాసు మాస్టారు ఏమన్నాడు మరి? ఆయన్ని అడిగితే?"

"ఆయనకి ముందే చెప్పుకున్నాను. వచ్చిందనే చెప్తానన్నాడు." పొడుగక్క కళ్ళు తుడుచుకుంది. "మీది బయటపడ్డం చూశాను కదక్కా. అది చూసే..."

పొట్టక్కకి నవ్వొచ్చింది. ఏడవలేక వచ్చే నవ్వు. తన కొంప కూలిన చోట నిలబడి, ఎక్కడ కూలిందో చూసుకుని, ఈవిడ గట్టిగా కట్టుకుందన్నమాట. తనకెందుకు తట్టలేదు ఆ తెలివి? ముందే షాపు యజమానికి చెప్పుకుని ఉంటే! ఛీ, ఇప్పుడు కూడా దాని గురించే ఏడుస్తున్నానా అనుకుంది. అనుకుని కూడా కాసేపు దాని గురించే ఏడ్చింది.

క్లాసు మాస్టారు మాట నిలబెట్టుకున్నాడు. ఆయన పెళ్ళాం నిలబెట్టుకోలేదు. ఆ వారం చివర్లో సబ్బు వదిన కొలిచే డబ్బా చేతిలో పట్టుకునే మడత బల్లల దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏమే, విన్నారా? ఆ రోజు అసలు క్లాసే లేదట. మాస్టారు భార్య స్వయంగా మా ఆడపడుచుతో చెప్పింది."

విదిలింపులు ఆగాయి. పొడుగక్క దుప్పటి కొసలు పట్టుకుని ఉన్నచోటే బిగుసుకుపోయింది.

"క్లాసుకే వెళ్ళింది" అంది.

"మేం కాదన్నామా తల్లీ? జనం అంటున్నారు. ఐస్‌క్రీమ్ షాపు దగ్గర ఎవరో చూశారట కూడా. ఎర్ర చొక్కా అట, కుర్రాడట." సబ్బు వదిన చుట్టూ చూసింది. చూపు వచ్చి గలీబుల బల్ల దగ్గర ఆగింది. "పొట్టక్కా, నీ బస్సు అటే కదా వస్తుంది? నువ్వేమైనా చూశావేంటి?"

అందరూ ఇటు తిరిగారు. ఆర్నెల్లుగా తనవైపు తిరగని మొహాలన్నీ ఒక్కసారి తిరిగాయి. నిజం చెప్పాలంటే పొట్టక్కకి ఆ చూపులు బాగున్నాయి. ఎండలో నిలబడ్డట్టు వెచ్చగా ఉన్నాయి. చూశాను అంటే చాలు, టీ వేళకి తన చుట్టూ చేరతారు. పొడుగక్కని గలీబుల బల్లకి పంపుతారు. సరిసమానం అయిపోతుంది.

చూడలేదు, క్లాసుకే వెళ్ళింది అనీ అనొచ్చు. మంచిదాన్ననిపించుకోవచ్చు. కానీ అలా అంటే, క్లాసుకి వెళ్ళింది కాబట్టి పాపం అన్నట్టే. అప్పుడు పుట్టినరోజుకి వెళ్ళిన తన పిల్ల? అనకుండా మళ్ళీ అన్నట్టే కదా.

"చెప్పవేంటక్కా, చూశావా?"

"మా అమ్మాయి ఓవర్‌టైంకి వెళ్ళలేదు" అంది పొట్టక్క.

సబ్బు వదిన నొసలు ముడిపడింది. "అది మాకు తెలుసులే. ఇప్పుడు అడిగింది..."

"నీకు తెలుసు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. పుట్టినరోజుకి వెళ్ళింది. నా చేత్తో జడ వేసి పంపాను. మోకాళ్ళ దాకా గౌను వేసుకుంది, బాగుందని నేనే అన్నాను. కేకు తింది. డాన్స్ చేసింది. చేసి, బస్సెక్కి ఇంటికొస్తోంది. దాని ఇంటికి అది వస్తోంది. ఇందులో నేను దాచాల్సింది ఏముందో నాకిప్పటికీ తెలీదు. కానీ దాచాను. మీ అందరికీ భయపడి దాచాను."

పెద్ద యంత్రం ఒక్కటీ గిరగిరా తిరుగుతోంది.

"అంటే" అంది సబ్బు వదిన, ఇంకా వదలకుండా, "ఈ పిల్లది కూడా అలాంటిదేననా?"

"ఆ పిల్ల ఎటు వెళ్ళిందో నేను చెప్పను. క్లాసుకి వెళ్ళిందనీ చెప్పను, వెళ్ళలేదనీ చెప్పను. రైలుకట్ట సందులో వాడు ఎందుకున్నాడో, వాడు ఏ క్లాసు ఎగ్గొట్టి వచ్చాడో, వాడేం చొక్కా వేసుకున్నాడో, అది చెప్పు వదినా నువ్వు. నీకు అన్నీ తెలుస్తాయిగా."

సబ్బు వదిన డబ్బా చంకన పెట్టుకుంది. "నాకెలా తెలుస్తుందే?" అని గొణిగి సబ్బుపొడి దగ్గరికి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఏమనుకున్నారో చెప్పలేం. ఒకరు తల దించుకున్నారు, ఇద్దరు చెవులు కొరుక్కున్నారు. మేస్త్రీ వచ్చి పని చూసుకోండమ్మా అని కసిరాడు. మనసులు ఒక్క మాటకే మారిపోతాయా ఏంటి?

పొడుగక్క సాయంత్రం గేటు దగ్గర పట్టుకుంది. "అక్కా, అప్పుడు నేనన్న మాట..."

"అన్నావు" అంది పొట్టక్క. "నాకు గుర్తుంది."

"మర్చిపో అక్కా."

"మర్చిపోను. నువ్వూ మర్చిపోకు." అని ఇంక నిలబడలేదు. బస్సొచ్చింది, ఎక్కింది.

ఇంటికి వెళ్ళేసరికి మొగుడు వరండాలో లేడు. వంటింట్లో గిన్నెల చప్పుడు. ఆయనేదో వెతుక్కుంటున్నాడనుకుని వెళ్ళింది. కూతురు. పొయ్యి దగ్గర నిలబడి టీ పెడుతోంది. జుట్టు చిక్కులు పడి ఉంది, మనిషి పాలిపోయి ఉంది, కానీ నిలబడి ఉంది.

"చిన్నది ఫోన్ చేసింది" అంది ఇటు తిరక్కుండానే. "వాళ్ళమ్మ చెప్పిందట. నిజంగా అందరి ముందూ అన్నావా?"

"అన్నాను."

"గౌను కూడానా?"

"గౌను కూడా."

"డాన్స్?"

"డాన్స్ కూడా అన్నాను." పొట్టక్కకి భయమేసింది. "అనకూడదా తల్లీ? నిన్నడక్కుండా అనేశాను..."

పిల్ల మొహం ఇటు తిప్పింది. ఏడుస్తోందో, నవ్వబోతోందో తెలీలేదు. "నేను ఆ రోజు బాగా చేశానమ్మా" అంది. "అందరూ ఆపేసి చుట్టూ నిలబడి చూశారు. నీకు చెప్పాలనే, ఉండిపొమ్మన్నా ఉండకుండా బయల్దేరాను."

పొట్టక్క పీట లాక్కుని కూలబడింది. పిల్ల చెప్తోంది. ఏ పాటకి చేసిందో, ఎవరెవరు ఈలలు వేశారో, కేకు మీద పేరు ఎలా తప్పు రాశారో. ఆ రోజు గురించి ఆర్నెల్లుగా అందరూ మాట్లాడారు గానీ, అందులో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

మధ్యలో ఉండబట్టలేక అడిగింది. "ఇదంతా పొడుగక్క వాళ్ళ చిన్నదానికి చెప్పావా?"

"ఆఁ, ఎప్పుడో చెప్పాను."

పొట్టక్క కడుపులో చిన్నగా మండింది. తన కన్నా ముందు వినేసింది ఆ పిల్ల. మండితే మండనీ అనుకుని, "సరే, ఆ తర్వాత?" అంది.